ఆఖరి ఇంటి నుంచి ఫోను

ఆగస్టు 14, బుధవారం

స్కూలు ఆఫీసు తాళం తీశాను. రెండు నెలలుగా మూసి ఉన్న గాలి, నేలకు పూసిన మైనం వాసన. ఇక్కడ గుమస్తాగా ముప్ఫై అయిదో ఏడు ఇది. కిటికీ తెరిస్తే ఎదుట కనోలా నూనెగింజల చేను కోతకొచ్చి ఉంది.

పది గంటలకు కొత్త హెడ్మాస్టరు వచ్చాడు, పేరు గారిక్. వయసు ముప్ఫై రెండు. నా కుట్టుమిషను అతనికన్నా పెద్దది.

"థోరా గారూ, ఈసారి మీకు ఆ ఫోన్ల జాబితా బాధ తప్పింది," అన్నాడు సంబరంగా. "అంతా యాప్‌లోనే. ఒక్కసారి నొక్కితే ముప్ఫై మూడు కుటుంబాలకూ కబురు చేరిపోతుంది. ఎవరు చూశారో, ఎవరు చూడలేదో కూడా చెప్పేస్తుంది."

"చూసినవాళ్ళకు అర్థమైందో లేదో కూడా చెబుతుందా బాబూ?"

నవ్వేశాడు. మంచివాడే. నవ్వేవాళ్ళతో పోట్లాడటం నాకు మొదట్నుంచీ చేతకాదు.

పీడా పోయింది. నిజంగానే అంటున్నాను.

ఆగస్టు 15, గురువారం

పొద్దున కాఫీ తాగుతూ పాత జాబితాలు ముందేసుకున్నాను. ఊరికే, చేతులు ఖాళీగా ఉండలేక.

మొదటి ఇంటికి నేను ఫోను చేస్తాను. ఆ ఇల్లు రెండో ఇంటికి, రెండోది మూడోదానికి. అలా ఊరు దాటి, రైలు పట్టాలు దాటి, ఉత్తరపు రోడ్డు మీదున్న పొలాల ఇళ్ళన్నీ చుట్టి, ఆఖరి ఇల్లు తిరిగి నాకు చేయాలి. ఆ ఫోను రాలేదంటే మధ్యలో ఎక్కడో తెగిందని. మంచు తుపానుకైనా అంతే, స్కూలు తెరిచే రోజుకైనా అంతే. తొంభై ఏడు జనవరిలో నలభై ఏడు ఇళ్ళను యాభై నిమిషాల్లో చుట్టేశాం. ఆ రోజు ఒక్క బిడ్డ కూడా బస్సు కోసం చలిలో నిలబడలేదు.

పేర్లు వరసగా రాయడం ఎవరైనా చేస్తారు. ఎవరి పక్కన ఎవరిని పెట్టాలో తెలియాలి. ఒలెక్సిన్ వాళ్ళకూ టోర్గర్సన్ వాళ్ళకూ కంచె తగాదా, ముప్ఫై ఏళ్ళుగా మాటల్లేవు. వాళ్ళిద్దర్నీ పక్కపక్కన పెట్టానా, కబురు ఆ కంచె దగ్గరే ఆగిపోతుంది. పోస్టాఫీసు బెర్నిస్‌ను మొదట్లో పెడితే ఆమె కబుర్లతోనే పొద్దు గూకుతుంది, చివర్లో పెడితే మొహం మాడ్చుకుంటుంది. అందుకని మధ్యలో, మొహమాటం లేని మనిషికి ముందు పెడతాను. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకు ముందు ఎప్పుడూ మెత్తటి మనిషి ఉండాలి.

ఇదంతా నాకు అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. ఊరి ఫోను ఆఫీసు మా ముందు గదిలోనే ఉండేది. అమ్మ ఒకే ఒక్క పొడుగాటి గంట కొట్టిందంటే ఆ తీగ మీదున్న అన్ని ఇళ్ళూ ఎత్తాలి. నిప్పంటుకుంటే ఆ గంట, ఎవరైనా పోతే ఆ గంట, స్కూలు తెరిచే ముందు ఆ గంట. "మంగళవారం తొమ్మిదింటికి పిల్లల్ని పంపండి, పంతులమ్మ దిగింది," అని అమ్మ చెబుతుంటే పదహారు ఇళ్ళ ఊపిరి వినిపించేది. నేను బల్ల కింద కూర్చుని బొమ్మకు జడ వేస్తూ వినేదాన్ని. ఎక్కడికి పోయిందో ఆ కాలం.

ఆఖరి పేరు ఎప్పుడూ హెడ్విగ్‌దే. స్కూలు ఊడ్చేదీ ఆమే, బాయిలరు రాజేసేదీ ఆమే, తలుపులు తీసేదీ ఆమే. "తలుపు తీసేదాన్ని నేను, ఆఖరి మాట నాకే తెలియాలి," అనేది. అంతా చుట్టి వచ్చాక నాకు ఫోను చేసి ప్రతిసారీ అదే మాట. "తిరిగొచ్చిందే థోరా. ఇక కాళ్ళు బార్లా చాపుకో."

ఏప్రిల్‌లో పోయింది.

ఆగస్టు 17, శనివారం

అలమరలో ‘పై’ పళ్ళెం కనిపించింది, పళ్ళు పెట్టి కాల్చే తీపి రొట్టె చేసుకునేది. అడుగున అంటించిన టేపు మీద స్టాడ్నిక్ అని ఇంటి పేరు, హెడ్విగ్ చేతిరాత. పోయిన అక్టోబరులో ఊరి కోడి విందు తర్వాత నా గిన్నెల్లో కలిసి వచ్చేసింది. హెడ్విగ్ వాళ్ళాయన ఎమిల్‌కు ఇచ్చేయాలి. అతని చేతికి ఇచ్చి రావడానికి ఎంతసేపు? రేపు వెళ్తాను.

ఆగస్టు 18, ఆదివారం

వెళ్ళలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

ఆగస్టు 20, మంగళవారం

కొత్తగా వచ్చినామె కూతుర్ని చేర్పించడానికి వచ్చింది. పేరు జోవెలిన్ మకరాయెగ్. ఫిలిప్పీన్స్ నుంచి జూన్‌లో దిగింది. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ, సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఏడు దాకా. డ్యూటీలో ఫోను పెట్టెలో పెట్టి తాళం వేయాలట. చెల్లెలి దగ్గర పడుకున్న పిల్లను పొద్దున తీసుకొచ్చి, స్కూలు దగ్గర దింపి, తను ఇంటికి పోయి పడుకుంటానంది.

గారిక్ ఆమె ఫోనులో యాప్ తెరవబోయాడు. తెరుచుకోలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. "తర్వాత చూద్దాం లెండి," అని ఫోను తిరిగిచ్చేశాడు.

పిల్ల పేరు ఆల్తియా, ఆరేళ్ళు. తల్లి చేతికి అతుక్కుని నిలబడి, నాకేసి చూడకుండానే అడిగింది.

"నేనొచ్చేసరికి తలుపు వేసుంటేనో?"

"ఎందుకు వేసుంటుంది తల్లీ?"

"వేసుంటే? అమ్మ వెళ్ళిపోతుంది కదా."

జోవెలిన్ సిగ్గుపడింది. "అక్కడ మా ఊళ్ళో ఒకసారి అలా అయిందండీ. స్కూలు లేదని ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం దాకా గేటు దగ్గరే కూర్చుంది. అప్పట్నుంచీ ఇదే బెంగ."

నేను లేచి బల్ల ఇవతలికి వచ్చి ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మోకాళ్ళు ఒప్పుకోకపోయినా. "ముప్ఫై నాలుగేళ్ళలో ఈ స్కూల్లో ఒక్క బిడ్డ కూడా మూసిన తలుపు ముందు నిలబడలేదు. నీకు మాటిస్తున్నాను," అన్నాను.

ఇచ్చేశాను మాట. ఏం చూసుకుని ఇచ్చానో నాకే తెలియదు.

ఆగస్టు 21, బుధవారం

జాబితా టైపు చేశాను. చేయి మర్చిపోకుండా ఉండటానికి, అంతే. "స్కూలు తెరిచే ముందు ఇళ్ళకు పంపే కవర్లలో ఇదొక కాగితం పెట్టుకోనా?" అని గారిక్‌ను అడిగితే, "పెట్టండి, నష్టమేముంది," అన్నాడు.

జోవెలిన్‌ను ఆఖరికి ముందు పెట్టాను. ఆమెకు ఫోను చేసేది లూథరన్ చర్చి ఆర్గన్ వాయించే మిసెస్ హాల్‌గ్రిమ్. అంతకన్నా మెత్తటి మనిషి ఈ జిల్లాలో లేదు. విషయం చెప్పడానికి జోవెలిన్ ఇంటికి ఫోను చేశాను.

"నాకు ఫోనులో మాట్లాడాలంటే భయమండీ," అంది. "ఎదురుగా ఉంటే మొహం చూసి అర్థం చేసుకుంటారు. ఫోనులో నా మాటకు నవ్వుతారు."

"ఒక్క ఇంటికే కదమ్మా. నీకు చెప్పింది కాగితం మీద రాసుకో, అదే చదువు, పెట్టేయ్."

"నవ్వరు కదా?"

"నవ్వితే నాకు చెప్పు, వాళ్ళ సంగతి నేను చూస్తా."

ఆమె తర్వాత ఎప్పటి ఆఖరి పేరే. కవర్లన్నీ చేత్తోనే విలాసాలు రాసి బెర్నిస్‌కు ఇచ్చి వచ్చాను. ముప్ఫై అయిదు కవర్లు. చేయి నొప్పి పుట్టింది.

ఆగస్టు 24, శనివారం

రాయకూడదనుకున్నది రాస్తాను. ఇది ఎవరు చదువుతారు గనక.

ఏప్రిల్ 11, గురువారం, హెడ్విగ్ మా ఇంటికి ఫోను చేసింది. నేను మార్కుల కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. "పనిలో ఉన్నానే, ఆదివారం చేస్తా," అన్నాను. "చేయకపోతే నీ పని చెబుతా," అంది. శనివారం పొద్దున బాయిలరు గదిలోనే కుప్పకూలిపోయింది.

ముప్ఫై నాలుగేళ్ళు ఒక్కసారి కూడా మర్చిపోకుండా నాకు తిరిగి ఫోను చేసిన మనిషి. నేను దానికి ఒక్కటంటే ఒక్క ఫోను తిరిగి చేయలేకపోయాను. ఏం చెప్పాలనుకుందో? ఒంట్లో బాగాలేదని చెప్పబోయిందేమో. నేను విని ఉంటే ఆసుపత్రికి తీసుకుపోయేదాన్నేమో.

అంత్యక్రియల రోజు ఎమిల్ నా దగ్గరకు వచ్చి, "గురువారం నీకు ఫోను చేసింది కదూ," అన్నాడు. "చేసింది," అన్నాను. ఇంకేదో అనబోయాడు. నేను వచ్చినవాళ్ళకు కేకులు సర్దాలని చర్చి వంటగదిలోకి వెళ్ళిపోయాను. అప్పట్నుంచీ అతని వీధిలోకి అడుగు పెట్టలేదు.

ఆగస్టు 27, మంగళవారం

పోస్టాఫీసు ముందు ఎమిల్ కనిపించాడు. నేను కారు దిగలేదు, వాన వచ్చేలా ఉందని. వాన రాలేదు.

ఆగస్టు 30, శుక్రవారం

తరగతి గదులు సిద్ధం. మొదటి రోజు పెద్దవాళ్ళు కూడా వచ్చి పిల్లల బల్లల దగ్గర కూర్చుని కాఫీ తాగి వెళ్ళే ఆనవాయితీ ఉంచుతున్నానని గారిక్ చెప్పాడు. ఆ చిన్న కుర్చీల్లో ఇరుక్కుని లేవలేక తిప్పలుపడే ఒలెక్సిన్ పెద్దాయన గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. హెడ్విగ్ అయితే ఆయన్ని చెయ్యి పట్టి లాగుతూ, "ఏడాదికోసారి చదువుకోవడానికొస్తావు, ఒళ్ళు తగ్గించుకుని రారాదూ," అనేది.

సెప్టెంబరు 2, సోమవారం

సెలవు రోజు కదా అని నీలంగా ఉండే చిట్టి సాస్కటూన్ పళ్ళు కడిగి, ‘పై’ చేయడానికి పిండి కలుపుతున్నాను. మూడున్నరకు గారిక్ ఫోను. గొంతులో నీరసం.

"స్కూలు బోరు మోటారు కాలిపోయింది థోరా గారూ. చుక్క నీళ్ళు లేవు. బాగుచేసే మనిషి గురువారం దాకా రానన్నాడు."

నీళ్ళు లేకుండా పిల్లల్ని లోపలికి రానివ్వకూడదు, నిబంధన. ఊరి హాల్లో మొదలుపెడదామని అనుకున్నాం. హాలు పట్టాలకు అవతల, ఊరి రెండో కొసన.

"హాలు తాళం ఎవరి దగ్గరుంది?" అన్నాడు.

స్టాడ్నిక్ వాళ్ళింట్లో, మేకుకు. హెడ్విగ్ పోయాక ఎవరూ అడగలేదు. "ఆ సంగతి నేను చూసుకుంటా," అన్నాను. ఎమిల్ ఎదుట పడకుండా ఎలా తెద్దామనుకున్నానో ఇక్కడ రాయలేను.

నాలుగింటికి యాప్‌లో కబురు పెట్టాడు. అయిదింటికి మళ్ళీ ఫోను. "తొమ్మిది కుటుంబాలే చూశాయండీ. తొమ్మిదే! అందరూ ఎక్కడున్నారు?"

"ఎక్కడుంటారు బాబూ, చేలల్లో. రేపు వాన అన్నారు కదా. కోత మిషను మీద కూర్చున్నవాడికి చెవి దగ్గర డప్పు కొట్టినా వినపడదు."

"మరి ఏం చేద్దాం?"

"వంటింట్లో ఎవరో ఒకరు ఉంటారు, చేలోకి సద్ది కడుతూ. ఆ ఫోను మోగిద్దాం."

"ప్లీజ్ అండీ," అన్నాడు. చిన్నవాడి మీద జాలేసింది.

అయిదూ అయిదుకు మొదటి ఇంటికి చేశాను. స్కూల్లో నీళ్ళు లేవు, రేపు ఎనిమిదిన్నరకు హాల్లో, పిల్లలకు సీసాలో నీళ్ళు, పెద్దవాళ్ళకు కాఫీ. అంతే, ఒక్క ముక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. కోత రోజులు, అన్నీ సవ్యంగా సాగినా గంట పైన పడుతుంది. జోవెలిన్ ఆరున్నరకు డ్యూటీకి బయల్దేరుతుంది. ఈలోగా ఆమెకు చేరితే సరే. చేరకపోతే రేపు పొద్దున ఆ పిల్ల మూసిన తలుపు ముందు నిలబడుతుంది, నేను ఇచ్చిన మాట చేతిలో పట్టుకుని.

పిండి అలాగే వదిలేసి ఫోను పక్కన కూర్చున్నాను. జాబితా మీద వేలు పెట్టి ఒక్కో ఇల్లూ దాటుతూ ఊహించుకుంటున్నాను. ఇప్పుడు టోర్గర్సన్ వాళ్ళు అయి ఉంటారు. ఇప్పుడు బెర్నిస్, ఈ కబురుకు ముందు మోకాలి నొప్పి గురించి చెబుతూ ఉంటుంది. ఇప్పుడు హాల్‌గ్రిమ్. ఇప్పుడు జోవెలిన్. తర్వాత...

వేలు ఆగిపోయింది. హెడ్విగ్ స్టాడ్నిక్.

నా చేత్తో నేనే టైపు చేశాను. పన్నెండు రోజులు ఈ కాగితం నా వంటింటి అలమర తలుపుకు అంటించి ఉంది, రోజూ చూస్తూనే ఉన్నాను. వేళ్ళకు అలవాటు. ముప్ఫై నాలుగేళ్ళ అలవాటు, వేళ్ళదేం తప్పు?

ఊళ్ళో ఇంకెవరైనా ఆ పేరు చూసి ఆగిపోతారు. జోవెలిన్‌కు ఏం తెలుసు? ఏప్రిల్‌కు ఆమె ఈ దేశంలోనే లేదు. నంబరు నొక్కి, బతికున్న మనిషిని అడిగినట్టు హెడ్విగ్ గారున్నారా అని అడుగుతుంది. ఎమిల్‌ను. అయిదు నెలలుగా ఆ ఇంట్లో ఒంటరిగా ఉన్న మనిషిని. పుండు మీద కారం చల్లడమంటే ఇదే, అదీ నా చేత్తో.

ఆరూ ఇరవై అయిదుకు జోవెలిన్ నంబరుకు చేశాను. ఎంగేజ్. ఆమెకు కబురు అందుతోందా, తనే చేస్తోందా? ఆరున్నర దాటాక మళ్ళీ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. వెళ్ళిపోయింది. చేరిందో లేదో తెలియదు. కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాను. వృద్ధాశ్రమానికి పోవాలా, ఎమిల్ ఇంటికి పోయి కాళ్ళ మీద పడాలా అని గుమ్మంలో నిలబడ్డాను.

ఫోను మోగింది.

"థోరా?"

ఎమిల్.

"తిరిగొచ్చింది. ఇక కాళ్ళు బార్లా చాపుకో."

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

"వింటున్నావా?"

"వింటున్నా."

"ఆ పిల్ల హెడ్విగ్ గారున్నారా అంది. లేదనడానికి నాకు నోరు రాలేదు. నాకు చెప్పమ్మా, నేను చెబుతా అన్నాను. కాగితం చూసి చదివింది, పాపం, పొల్లు పోకుండా. అర్థమైందా అని అడిగి మళ్ళీ చదివింది. హెడ్విగ్ గారిని అడిగానని చెప్పండి అని పెట్టేసింది."

"క్షమించు ఎమిల్. ఆ పేరు పొరపాటున పడింది. వేళ్ళకు అలవాటై..."

"ఊఁ. కవరు కూడా వచ్చింది నాకు. పది రోజులైంది. హెడ్విగ్ స్టాడ్నిక్ అని నీ చేతిరాతే. అదీ వేళ్ళ అలవాటేనా?"

ముప్ఫై అయిదు కవర్లు. జోవెలిన్ వాళ్ళతో కలిపినా కుటుంబాలు ముప్ఫై నాలుగే. ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు. అటువైపు అతని ఊపిరి వినిపిస్తోంది. చిన్నప్పుడు బల్ల కింద విన్న ఊపిరిలాగే ఉంది.

"నేనేమీ అనుకోలేదు," అన్నాడు. "కాగితం ఫ్రిజ్‌కు తగిలించుకున్నా. ఈ పది రోజులూ ఫోను వినపడేంత దూరంలోనే ఉన్నా. ఏప్రిల్ నుంచి ఈ ఇంట్లో అది మోగితే గ్యాసు వాడో, బీమా వాడో. ఇవాళ మనిషి చేసింది."

అడిగేశాను. అడగకపోతే ఇంక ఎప్పటికీ అడగలేను. "ఎమిల్, ఆ గురువారం అది నాకెందుకు ఫోను చేసింది?"

"నీకు తెలీదా? ఆ రోజు చర్చిలో చెప్పబోతే కేకులని పారిపోయావు." నవ్వు వినపడింది. "పై పళ్ళెం కోసం. ఆ దొంగమొహం నా పళ్ళెం ఎగ్గొట్టి ఆర్నెల్లయింది, ఆదివారం చేస్తానంది, చేయనీ దాని పని చెబుతా అని నా ముందే తిట్టింది. తిట్టి, హాయిగా టీ తాగింది."

అయిదు నెలలు నేను మోసింది ఒక పళ్ళేన్ని. ఏడుస్తూనే నవ్వొచ్చింది. నవ్వుతూ మళ్ళీ ఏడ్చాను. తిరిగి ఫోను చేయలేదన్న బాధ పోలేదు, అది పోదు. కానీ గొంతులో అడ్డంగా ఉన్న ముల్లు మాత్రం దిగింది.

"తాళం మేకుకే ఉంది," అన్నాడు పెట్టేసే ముందు. "పొద్దున ఆరింటికి నేను తీస్తా."

పిండి ఎండిపోయింది. మళ్ళీ కలిపాను. సాస్కటూన్ పళ్ళతో పై, హెడ్విగ్ పళ్ళెంలోనే.

సెప్టెంబరు 3, మంగళవారం

వాన. ఆరున్నరకు నేను వెళ్ళేసరికి హాలు కిటికీల్లో దీపాలు, తలుపు బార్లా తెరిచి ఉంది. ఎమిల్ పెద్ద కాఫీ గంగాళం పొయ్యి మీద పెట్టి, తుడిచిన బల్లలే మళ్ళీ తుడుస్తున్నాడు. చిక్కిపోయాడు. పళ్ళెం చేతికిచ్చాను. అడుగు తిప్పి టేపు మీది పేరు చూసుకున్నాడు, పై జారిపోతుందన్న ధ్యాస కూడా లేకుండా. నేను పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

అందరికన్నా ముందు, ఏడుంబావుకు, ఆల్తియా వచ్చింది. తల్లి చేయి వదిలేసి గుమ్మం దగ్గరకు వచ్చి, తెరిచిన తలుపును ఒక చేత్తో ముట్టుకుని చూసి, లోపలికి అడుగేసింది. నాకు అది చాలు.

జోవెలిన్ యూనిఫాంలోనే ఉంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎమిల్ గొంతు వినగానే గుర్తుపట్టింది. "మీరేనా అండీ? హెడ్విగ్ గారికి చెప్పారా?"

"చెప్పానమ్మా," అన్నాడు ఎమిల్.

తర్వాత పక్కకు తీసుకెళ్ళి సంగతి నేను చెప్పాను. నోటి మీద చేయి పెట్టుకుని, "అయ్యో, నేను పోయినామెను అడిగానా," అని కంగారు పడిపోయింది. "హెడ్విగ్ గురించి ఎవరో ఒకరు అడగాలమ్మా, మేమెవరం అడగలేదు," అన్నాను.

ముప్ఫై నాలుగు కుటుంబాలూ వచ్చాయి. టోర్గర్సన్ ఇంట్లో ఎవరూ ఫోను ఎత్తకపోతే కబురు వాళ్ళను దాటి తర్వాతి ఇంటికి పోయిందట. ఎవరు చెప్పారో ఏమో గానీ, ఒలెక్సిన్ కోడలు వ్యాను వేసుకుని వాళ్ళ చేలోకే పోయి, కోత మిషను ముందు నిలబడి గిన్నెలు తుడిచే గుడ్డ ఊపిందట. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ రెండిళ్ళ మధ్య ఆడిన మొదటి మాట, "నీళ్ళు లేవు." గారిక్ తన యాప్ తీసి చూసుకున్నాడు. చూసినవాళ్ళు పద్దెనిమిది. ఫోను జేబులో పెట్టుకుని వచ్చి, "ఈ జాబితా తయారు చేయడం నాకూ నేర్పుతారా?" అన్నాడు. నేర్పుతాను. యాప్ కూడా ఉండనీ, అమ్మ కొట్టిన గంటలాగే అదీ ఒక గంటే.

కుర్చీలు సర్దుతుంటే జాబితా కాగితం తీసి ఎమిల్ పక్కన కూర్చున్నాను. పెన్ను తెరిచాను.

"ఈ ఆఖరి పేరు మార్చి నీది రాస్తాను. నంబరు ఎలాగూ అదే కదా."

కాగితాన్ని చాలాసేపు చూశాడు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టేశాడు.

"పేరు ఉండనీ," అన్నాడు. "ఫోను నేనెత్తుతా."